మీసాలు పోతున్న కోరీలు: ముందు తొట్టి అడుగు చూడండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. మా మామగారు, మా ఆయన రొయ్యల చెరువులు చూసుకుంటారు. మూడో తరగతి చదివే మా బాబు పట్టుబడితే సంక్రాంతి తర్వాత ఒంగోల్లో రెండడుగుల అక్వేరియం, రెండు గోల్డ్ ఫిష్‌లు, నాలుగు కోరీ చేపలు (అడుగున తిరిగే చిన్న మీసాల చేపలు) కొన్నాం. గోధుమరంగువి రెండు, ఎర్ర కళ్ళ తెల్లవి రెండు. అవి అడుగున చెత్త తిని తొట్టిని శుభ్రంగా ఉంచుతాయి, వేరే మేత అక్కర్లేదని షాపులో చెప్పారు. అడుగున నీలం రంగు రాళ్ళు వేశాం. ప్రతి ఆదివారం నీళ్ళన్నీ తీసేసి, రాళ్ళు, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద కడిగి, కొత్తగా బోరు నీళ్ళు పోస్తున్నాను. మా బోరు నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి. నెల తిరక్కుండానే గోధుమరంగుది ఒకటి, తెల్లది ఒకటి చచ్చిపోయాయి. మిగిలిన రెండింటికీ మీసాలు పొట్టిగా అయిపోయాయి. ఒకదానికి పొట్ట కింద ఎర్రగా ఉంది. మాటిమాటికీ పైకి దూసుకొచ్చి గాలి మింగి వెళ్తున్నాయి. మా మామగారు గుప్పెడు ఉప్పు వెయ్యమంటున్నారు. బాబు స్కూలు నుంచి రాగానే తొట్టి ముందే కూర్చుంటున్నాడు. ఇవైనా బతికేలా ఏం చెయ్యాలో చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఇంట్లోనే ఉంది. చెరువులో చెక్ ట్రే, అంటే మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం, ఎత్తినప్పుడు రొయ్యలకు మీసాలు తెగి కనిపిస్తే మీ మామగారు ముందు దేన్ని అనుమానిస్తారో అడగండి. అడుగు చెడిందంటారు. మేత మిగిలి, నల్లమట్టి చేరి, గ్యాసులు పుడుతున్నాయంటారు. కోరీ విషయంలోనూ అంతే. రొయ్యలాగే ఇదీ బతుకంతా అడుగున గడిపే ప్రాణి. దాని మీసం చూస్తే మీ తొట్టి అడుగు ఎలా ఉందో తెలిసిపోతుంది.

కోరీ మేత వెతుక్కోవడం మెత్తటి ఇసుక మీద చూడాలి. మూతిని కళ్ళదాకా ఇసుకలోకి గుచ్చుతుంది. నోటినిండా ఇసుక తీసుకుని, తినేదేదో ఏరుకుని, మిగిలింది మొప్పల్లోంచి సన్నటి ధారగా వదిలేస్తుంది. చేటలో బియ్యం చెరిగినట్టుంటుంది. ఆ వెతుకులాటంతా మీసాలతోనే. మీ తొట్టిలో ఇసుక లేదు, రాళ్ళున్నాయి. గోల్డ్ ఫిష్‌లకు వేసిన మేతలో మిగిలింది, వాటి రెట్ట, అంతా రాళ్ళ సందుల్లోకి దిగి కుళ్ళుతుంది. మీరు ఆదివారం కడిగినా సోమవారం నుంచి మళ్ళీ చేరుతూనే ఉంటుంది. పగలూ రాత్రీ ఆ కుళ్ళులోనే మూతి పెట్టి వెతికితే మీసాలకు బాక్టీరియా పట్టి అరిగిపోతాయి. చాలామంది రాయి పదును వల్లే మీసాలు తెగుతాయంటారు. పదునూ కొంత కారణమే. కానీ నా అనుభవంలో పదును కంటే మురికే ఎక్కువ చేటు చేస్తుంది. నున్నటి గులకరాళ్ళ మీద కూడా మీసాలు పోయిన కోరీలను చూశాను.

ఈ రోజే చెయ్యాల్సిన పని చెబుతాను. మీ తొట్టిలో రాళ్ళు పోను సుమారు 45 లీటర్ల నీళ్ళుంటాయి. ఒక బకెట్ నీళ్ళు, అంటే పదిహేను లీటర్ల దాకా తీసేసి అంతే కొత్త నీళ్ళు నెమ్మదిగా పొయ్యండి. ఆ కొత్త నీళ్ళను ముందురోజు రాత్రే బకెట్లో పట్టి, ఎయిర్ పంపు గొట్టం వేసి ఉంచితే మంచిది. బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. మొదటి బకెట్‌కు అంత సమయం లేకపోతే రెండు బకెట్ల మధ్య నీళ్ళు పైనుంచి పదిసార్లు ఒంపి వాడండి. చెయ్యి పెట్టి చూస్తే తొట్టి నీళ్ళకీ వీటికీ వేడిలో తేడా తెలియకూడదు. ఇలా వారం రోజులు రోజూ ఒక బకెట్ మార్చండి. ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆపొద్దు. ఒకరోజు మేత మానేసినా ఫర్వాలేదు.

కోరీ పైకొచ్చి గాలి మింగడం దానికదే జబ్బు కాదు. మన కాలవల్లో మార్పు చేప, కొర్రమీను గాలి కోసం పైకొస్తాయి చూడండి, ఇదీ అలాంటిదే. కాకపోతే కోరీ మింగిన గాలి పేగులోకి వెళ్తుంది. పేగు వెనక భాగంలో సన్నటి రక్తనాళాలు ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. మిగిలిన గాలి కిందినుంచి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న కోరీ కూడా అప్పుడప్పుడూ బాణంలా పైకెళ్ళి వస్తుంది. అందుకని నీటికీ మూతకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఎప్పుడూ ఉండాలి. మీరు రాసినట్టు మాటిమాటికీ వెళ్తున్నాయంటే మాత్రం నీళ్ళలో ఆక్సిజన్ చాలడం లేదనో, రెట్ట, మేత కుళ్ళితే పుట్టే అమ్మోనియా వల్ల మొప్పలు దెబ్బతిన్నాయనో, దాన్నుంచి వచ్చే నైట్రైట్ వల్ల రక్తం ఆక్సిజన్ మొయ్యలేకపోతోందనో అర్థం. పొట్ట కింద ఎరుపు కూడా ఉందంటే నాకు నీటి మీదే అనుమానం.

ఇక్కడ మీకొక మేలుంది. మన తీరంలో రొయ్యల చెరువులున్న ఊళ్ళ దగ్గరంతా నీళ్ళు పరీక్షించే ఆక్వా ల్యాబ్‌లున్నాయి. మీవాళ్ళు చెరువు నీళ్ళు ఇచ్చే చోటే మీ తొట్టి నీళ్ళు ఒక సీసా, బోరు నీళ్ళు ఇంకో సీసా ఇవ్వండి. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), అమ్మోనియా, నైట్రైట్, హార్డ్‌నెస్ (నీటి కఠినత్వం) చూడమనండి. ఏది ఏ సీసానో చీటీ అంటించండి, ఇది మంచినీటి అక్వేరియం అని కూడా చెప్పండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. 'చెరువులో ఇంత ఉన్నా రొయ్య తట్టుకుంటుంది' అని ఎవరన్నా అంటే ఆ లెక్క ఇక్కడ పెట్టుకోకండి. పీహెచ్ ఎక్కువైనకొద్దీ అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. ఈ సంగతి మీ మామగారికి బాగా తెలిసే ఉంటుంది.

ఇక మీరు ఆదివారం చేస్తున్న పని. అమ్మా, శుభ్రంగా ఉంచాలనే మీరంత కష్టపడుతున్నారు. కానీ చేపలకు ఎక్కువ నష్టం జరుగుతున్నది అక్కడే అనిపిస్తోంది. చేపల రెట్ట, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. దాన్ని కొన్ని బాక్టీరియా నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్ అంత ప్రమాదకరం కాదు, నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ బాక్టీరియా కాపురం ఉండేది ఫిల్టర్ స్పాంజిలో, రాళ్ళ మీద. కొత్త తొట్టిలో అవి సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు ప్రతి ఆదివారం వాటిని కుళాయి కింద కడిగేస్తున్నారు. అంటే మీ తొట్టి ప్రతి సోమవారం కొత్త తొట్టే. చెరువులో ప్రోబయోటిక్, అంటే మేలుచేసే బాక్టీరియా చల్లి, మర్నాడే చెరువంతా తోడేసినట్టు.

ఇకమీదట స్పాంజిని కుళాయి కింద పెట్టొద్దు. నెలకోసారి, తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు పిండి తిరిగి పెట్టెయ్యండి. అది గోధుమరంగుకు తిరిగి చూడ్డానికి బాగోకపోయినా అలాగే ఉండనివ్వండి. ఈ వారం గడిచాక నీళ్ళు వారానికి మూడోవంతు మారిస్తే చాలు. తీసేటప్పుడు సన్న గొట్టంతో అడుగు మురికినే లాగండి, పైనున్న నీళ్ళను కాదు.

నీలం రాళ్ళు తీసేయాలి. అన్నీ ఒక్కరోజే తియ్యకండి, వాటి మీద ఉన్న కాస్త బాక్టీరియా కూడా పోతుంది. మూడు విడతలుగా, వారానికోసారి తియ్యండి. వాటి బదులు ఇసుక వెయ్యండి. నేను నెల్లూరులో ఉంటాను, మాకు పెన్నా ఇసుక దొరుకుతుంది. మీకు దగ్గర్లో ఏ ఏటి ఇసుకైనా పర్వాలేదు. ప్లాస్టరింగ్‌కు జల్లించిన సన్న ఇసుక తెచ్చుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. గరుకుగా గుచ్చుకోకుండా జారిపోవాలి. తర్వాత బకెట్లో వేసి, పైన తేలిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. పది పదిహేనుసార్లు పడుతుంది, విసుగు పడొద్దు. తొట్టిలో అంగుళం మందం చాలు. ఎక్కువ మందం వేస్తే కింది పొరకు గాలి అందక అది కూడా చెరువు నల్లమట్టిలాగే తయారవుతుంది.

రెండు రకాల ఇసుక మాత్రం తేకండి. ఈ మధ్య ఇళ్ళు కట్టేచోట ఎక్కడ చూసినా రోబో శాండ్ కుప్పలే. అది రాయిని పిండి చేసి తీసింది, ప్రతి రేణువుకూ కోణాలుంటాయి. రెండోది సముద్రపు ఇసుక. మీకు దగ్గరే కదా అని తెచ్చేరు. దాంట్లో ఉప్పుతోపాటు గవ్వల పొడి ఉంటుంది, అది కరిగి నీళ్ళను ఇంకా కఠినం చేస్తుంది. ఏ ఇసుకైనా అనుమానంగా ఉంటే చెంచాడు తీసుకుని నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే వద్దు.

ఉప్పు సంగతికొద్దాం. మీ మామగారి మాట గాలిలోంచి వచ్చింది కాదు. నైట్రైట్ ఎక్కువైనప్పుడు ఉప్పులోని క్లోరైడ్ చేపను కొంత కాపాడుతుంది, చేపల చెరువుల్లో అందుకు ఉప్పు వాడతారు. కానీ కోరీ దక్షిణ అమెరికా ఏరుల చేప. మీ దగ్గరున్న రకం ట్రినిడాడ్ నుంచి అర్జెంటీనా దాకా మంచినీటి వాగుల్లో, మడుగుల్లో ఉంటుంది. దానికి ఉప్పు అలవాటు లేదు. పైగా మీ బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయంటున్నారు. ఉన్న ఉప్పు మీద గుప్పెడు ఉప్పు వద్దు. ఉప్పు వేసినంత మాత్రాన అమ్మోనియా తగ్గదు, అడుగు మురికి పోదు. మామగారికి నా నమస్కారం చెప్పి, ఈ ఒక్కదానికి ఆగమనండి.

ఉప్పు నీళ్ళను తేలిక చెయ్యడానికి తాగే క్యాన్ నీళ్ళు, అంటే ఆర్‌ఓ నీళ్ళు కలపండి. వాటర్ ప్లాంటు వాళ్ళ దగ్గర టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పులు, ఖనిజాలు ఎంతో చూపించే మీటరు ఉంటుంది, మీ బోరు నీళ్ళ టీడీఎస్ ఎంతో చూడమనండి. తొట్టిలో అది 400 లోపుకు రావాలని పెట్టుకోండి. అయితే ఒకేసారి దించకండి. మొదటి వారం రోజువారీ బకెట్లో పావు వంతు ఆర్‌ఓ, తర్వాత వారాల్లో సగం దాకా, ఇలా నెలరోజుల మీద దించండి. చేప ఉన్న నీళ్ళు చెడ్డవే అయినా వాటికి ఒళ్ళు అలవాటు పడి ఉంటుంది, హఠాత్తుగా మారిస్తే ఆ దెబ్బకే పోతుంది. అలాగని పూర్తిగా ఆర్‌ఓ నీళ్ళే పోసినా మంచిది కాదు. వాటిలో ఖనిజాలుండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. ఆవిరైపోయి తగ్గిన నీళ్ళ బదులు పోసేది మాత్రం ఎప్పుడూ ఆర్‌ఓ నీళ్ళే. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది కదా.

షాపులో చెప్పిన 'చెత్త తింటాయి' అన్న మాట నన్ను చాలా బాధపెడుతుంది. ఈ ఒక్క మాట వల్లే మన ఇళ్ళల్లో కోరీలు ఆకలితో చచ్చిపోతున్నాయి. కోరీ ఇంకో చేప రెట్ట తిని బతకదు. అది అడుగున చిన్న చిన్న పురుగులు, పిల్లపురుగులు ఏరుకు తినే చేప. పైన గోల్డ్ ఫిష్‌లు మేతంతా లాగించేస్తే కిందికి ఏమీ దిగదు. మీ రెండింటి పొట్టలు పక్కనుంచి చూడండి. లోపలికి పోయి గుంట కనిపిస్తే ఆకలే. మునిగే గోళీల మేత అడిగి తెచ్చుకోండి. రాత్రి లైటు తీసేసిన అరగంటకు వెయ్యండి, అప్పుడు అవి ధైర్యంగా తిరుగుతాయి.

ఆ మేత ఇసుక మీద కాకుండా చిన్న గాజు సాసర్‌లో పెట్టండి. అదే మీ బాబు చెక్ ట్రే. మొదటి రోజు చేపకు రెండు గోళీల చొప్పున వేసి, అరగంట తర్వాత టార్చి వేసి చూడమనండి. మిగిలితే సాసర్ తీసి కడిగెయ్యాలి, మర్నాడు తగ్గించాలి. ఖాళీ అయితే ఒకటి పెంచాలి. వాళ్ళ తాతయ్య చెరువు మీద రోజూ చేసే పనే ఇది, పిల్లవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. మా ఇంట్లో ఇప్పటికీ సాసర్‌లోనే పెడతాను. గాజుకు గోళీ తగిలిన టక్కుమనే చప్పుడుకే మూల నుంచి బయల్దేరి వస్తాయి.

వారానికి ఒకటి రెండుసార్లు ఎర్రలు పెట్టండి. గాలానికి గుచ్చేవే. మందులు కొట్టని పెరటి మట్టిలోంచి తీసి, కడిగి, సన్నగా తరిగి వేస్తే కోరీలు పోటీ పడతాయి. ఇంట్లో రొయ్యల మేత బస్తాలుంటాయి కాబట్టి అది వెయ్యొచ్చా అని మీకు అనిపిస్తుంది. నీళ్ళలో మునుగుతుంది, మాంసకృత్తులూ బాగానే ఉంటాయి. మునిగే మేత దొరికేదాకా సన్న సైజుది చిటికెడు వెయ్యొచ్చు. కానీ బస్తాలోంచి నేరుగా తీసిందే అయ్యుండాలి. చెరువు కోసం మందో, మినరల్సో, జెల్లో పట్టించిన మేత తొట్టిలోకి రానివ్వకండి.

చెరువు మందులు కూడా అంతే. అయోడిన్, బీకేసీ అనే క్రిమిసంహారకం, యాంటీబయోటిక్, ఇంట్లో ఏవి ఉన్నా తొట్టి దగ్గరికి తేవొద్దు. కోరీకి మామూలు పొలుసులుండవు, ఒంటికి రెండు పక్కలా రెండేసి వరుసల ఎముక పలకలుంటాయి. చూడ్డానికి కవచం తొడుక్కున్నట్టుంటుంది కానీ మందుల విషయంలో చాలా సున్నితం. రాగి ఉన్న మందులు, మలకైట్ గ్రీన్ లాంటివి సీసా మీద రాసిన మోతాదులో పోస్తే తట్టుకోలేవు. మీ చేప పొట్ట ఎరుపు నీళ్ళు బాగుపడితే నాలుగైదు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గక పుండులా లోపలికి దిగుతుంటే ఆ చేపను వేరే టబ్బులో పెట్టి, మంచినీటి అక్వేరియంలకు తయారుచేసిన బాక్టీరియా మందు సగం మోతాదుతో మొదలుపెట్టండి. మీసాల గురించి దిగులు వద్దు. మొదలంటా కుళ్ళిపోకపోతే శుభ్రమైన ఇసుక మీద నెలల్లో మళ్ళీ పెరుగుతాయి.

చేపను టబ్బులోకి మార్చేటప్పుడు వల వాడకండి. నా మొదటి కోరీని నేను వలతోనే పట్టాను. దాని వీపు మీది రెక్కకూ, పక్క రెక్కలకూ ముందు ఒక్కో ముల్లుంటుంది. భయపడితే మూడు ముళ్ళనూ విప్పి బిగించేస్తుంది, మన జెల్లలాగే. ఆ ముళ్ళు వలలో చిక్కుకున్నాయి. లాగితే రెక్క చీరుకుపోతుంది. నీళ్ళ పళ్ళెంలో చేపను ఉంచి, చిన్న కత్తెరతో ఒక్కో దారమూ కత్తిరిస్తూ పోయాను. ఆఖరి దారం దగ్గర చెయ్యి జారి వేలికి ముల్లు దిగింది, సాయంత్రందాకా సలుపుతూనే ఉంది. అప్పట్నుంచి ప్లాస్టిక్ డబ్బా ముంచి, చేపను మెల్లగా దాంట్లోకి తోలుకుంటాను. మీ బాబును చేత్తో పట్టుకోనివ్వకండి.

గోల్డ్ ఫిష్‌లను కోరీలతో ఉంచలేరు. చెప్పడానికి కష్టంగానే ఉంది కానీ తప్పదు. అవి బాగా పెద్దవవుతాయి, రెట్ట ఎక్కువ, రెండడుగుల తొట్టి వాటికే చాలదు. పెద్దవయ్యాక చిన్న కోరీని నోట్లో పెట్టుకుంటే ముళ్ళు గొంతులో దిగి రెండూ చస్తాయి. మీ పెరట్లో సిమెంటు గాబు ఉంటే నీడలో పెట్టి, వల కప్పి గోల్డ్ ఫిష్‌లను అందులోకి మార్చండి. దోమ పిల్లల్ని కూడా తింటాయి. బాబు రెండు చోట్లా చూసుకుంటాడు.

కోరీలు గుంపు చేపలు. ఒకే రకానివి కనీసం ఆరుండాలి. రెండు మిగిలితే ఏదో మూల నక్కి కూర్చుంటాయి. మీ గోధుమరంగు, తెల్ల చేపలు రెండూ నిజానికి ఒకే జాతి. తెల్లది అదే చేపలో రంగు లేకుండా పుట్టింది. కాబట్టి కలిపి పెంచొచ్చు. అయితే కొత్తవి ఇప్పుడే కొనకండి. అమ్మోనియా, నైట్రైట్ వరసగా మూడు వారాలు సున్నా చూపించాక నాలుగు కొనండి, వాటినీ రెండు వారాలు వేరే టబ్బులో ఉంచాకే కలపండి. షాపులో మీసాలు రెండు పక్కలా నిండుగా ఉన్నవి, పొట్ట తెల్లగా గుండ్రంగా ఉన్నవి ఏరుకోండి. నల్లమచ్చల పాండా కోరీ ముద్దుగా ఉంటుంది, బాబు అదే కావాలంటాడు. అది చల్లటి నీళ్ళ చేప, 25 డిగ్రీలు దాటితే దానికి కష్టం. మన ఎండలకు పనికిరాదు. మిరియాల పొడి చల్లినట్టు మచ్చలుండే పాలియేటస్ కోరీ కూడా అంతే. చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ ప్రయాణంలో పట్టుకొచ్చిన చేపల్లో అదొకటి, 1842లో దానికి పేరు పెట్టారు. కథ బాగుంది కానీ చేప మనకు వద్దు. వేడిని బాగా ఓర్చుకునేది స్టెర్బా కోరీ, 28 డిగ్రీల దాకా హాయిగా ఉంటుంది. మీ దగ్గరున్న రకానికి 22 నుంచి 26 మంచిది.

ఎండలు ముదరకముందే తొట్టిని కిటికీకి, పడమటి గోడకు దూరంగా జరపండి. రోహిణి కార్తెలో మన ఇళ్ళల్లో తొట్టి నీళ్ళు 31, 32కు పోతాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ నిలవదు. మూత తీసి దోమతెర కట్టి, చిన్న టేబుల్ ఫ్యాన్ నీటి పైన వీచేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెర మాత్రం తప్పనిసరి, ఇవి ఎగురుతాయి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని ఉంచుకోండి. చెరువు మీద జనరేటర్ లేకుండా మీవాళ్ళు ఒక్క రాత్రి నిద్రపోరు కదా, ఇదీ అంతే.

ఈ వేసవి గట్టెక్కి, ఆరు కోరీలూ నిండుగా తింటూ ఉంటే కార్తీకంలో ఒక పని చెయ్యండి. వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురుపెట్టినప్పుడు, తొట్టి నీళ్ళు మూడోవంతు తీసి, రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉన్న తేలిక నీళ్ళు పొయ్యండి. వాటి సొంత ఊళ్ళో వానలు మొదలైనప్పుడే అవి గుడ్లు పెడతాయి. మా తొట్టిలో మొదటిసారి అలాంటి ముసురు రోజు తెల్లవారే చూశాను. ఆడచేప రెండు పొట్ట రెక్కలనూ దోసిలిలా దగ్గరికి చేర్చి గుడ్లు పట్టుకుని, అద్దాన్ని మూతితో రుద్ది, అక్కడ అంటించి వెళ్తోంది. ఆవగింజ కంటే కాస్త పెద్దవి, సగ్గుబియ్యంలా ఉన్నాయి. మీ బాబుకు అది చూపించండి.

ల్యాబ్ చీటీ రాగానే తొట్టి నీళ్ళవి, బోరు నీళ్ళవి పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, టీడీఎస్ అంకెలు నాకు రాయండి. ఎరుపు పెరిగిందో తగ్గిందో కూడా రాయండి. ఆర్‌ఓ నీళ్ళు ఎంత పాళ్ళలో కలపాలో అప్పుడు కచ్చితంగా చెబుతాను.